డయల్ మీద బొట్టు

కోవెంట్రీలో మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టాలనుకోవడం కప్పల తక్కెడ వ్యవహారం. ఎండొచ్చిందని పళ్ళెం బయట పెట్టి వెనక్కి తిరిగేలోగా చినుకు దిగుతుంది. సులోచన ఆరేళ్ళు ఆ యుద్ధం చేసింది. హాస్పిటల్లో పన్నెండు గంటల నర్సు డ్యూటీ చేసొచ్చి, రేడియేటర్ మీద పేపర్ పరిచి మిరపకాయలు పోసేది. నాలుగో రోజుకు బూజు. వాటిని బిన్‌లోకి వంపుతూ, "ఈ దేశంలో సూర్యుడు కూడా డ్యూటీ రోటా మీదనే వస్తాడు. వాని షిఫ్టూ నా షిఫ్టూ ఒకనాడన్నా కలవల్ల కదా!" అని తిట్టుకునేది.

ఏడో ఏడు, దసరా ముందర, ఆమె కన్ను మొగుడి పనిముట్టు మీద పడింది.

మొగుడు రామాంజనేయులుది ప్రొద్దుటూరు పక్కన పల్లె. రేడియో స్టేషన్లో ఇరవై రెండేళ్ళు టేపు మిషన్లు బాగుచేసిన చెయ్యి. సులోచనకు ఇక్కడ ఉద్యోగం వచ్చాక వెంట వచ్చి, రెండేళ్ళు టేక్‌అవే పార్సిళ్ళు మోసి, చివరికి హేజెల్ అనే ఆవిడ స్టూడియోలో కుదురుకున్నాడు. పాత స్పూల్ టేపు మిషన్ల తిక్క తెలిసినవాళ్ళు ఇంగ్లండంతా గాలించినా గుప్పెడు మంది. హేజెల్ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అడగలేదు. మూలన పడున్న మిషన్ చూపించింది. సాయంత్రానికి అది తిరిగింది. మర్నాటి నుంచి రమ్మంది.

టేపు మీద పాటంటే అదేదో గాలిలాంటిది అనుకుంటారు జనం. గాలి కాదు, తుప్పు. ప్లాస్టిక్ పట్టీ మీద తుప్పు పొడిని జిగురుతో అతికిస్తారు. ఆ పొడే పాటను మోస్తుంది. నలభై ఏళ్ళ నాటి టేపుల్లో ఆ జిగురు తేమ తాగి తాగి, వానాకాలం బెల్లంలా సాగుతుంది. దాన్ని అట్లాగే మిషనెక్కిస్తే పాట మొత్తం గీసుకుపోయి మసిగా తేలుతుంది. గుడ్డతో తుడుచుకోవడమే ఇంక. అందుకని టేపును ముందు వెచ్చబెట్టాలి. యాభై నాలుగు డిగ్రీలు, ఎనిమిది గంటలు. వేడి తక్కువైతే తేమ పోదు, మళ్ళీ పెట్టుకోవచ్చు. ఎక్కువైతే మాత్రం పొర పొరకు అంటుకుంటుంది, పట్టీ వంకర్లు పోతుంది. దానికి మందు లేదు.

ఈ వెచ్చబెట్టే పనికి హేజెల్ స్టూడియోలో ఉన్నది, నిజం చెప్పాలంటే, ఇళ్ళల్లో పండ్ల ముక్కలు ఎండబెట్టుకునే గుండ్రటి డబ్బా. దాని డయల్ చుట్టూ అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. రామాంజనేయులు చేరిన కొత్తలో థర్మామీటర్ పెట్టి చూసి, యాభై నాలుగు ఎక్కడొస్తుందో పట్టుకుని, అక్కడ కూతురు శ్రీజ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాడు. ఆ తర్వాత థర్మామీటర్ ఎటుపోయిందో ఎవరూ పట్టించుకోలేదు. చుక్క ఉండగా దానితో పనేముంది?

"అది పండ్లు ఎండబెట్టేదే కదా?" అంది సులోచన. "పండ్లెండితే మిరక్కాయలెండవా?"

"అది పాటలు ఎండబెట్టేది మే."

"పాటలకు లేని తొందర నా మిరక్కాయలకుంది. తేపో."

ఆ వారం టేపులేవీ లేవు. హేజెల్‌ను అడిగితే, "వాసన లేకుండా తెచ్చెయ్, రామ్" అని నవ్వింది. డబ్బా ఇంటికొచ్చింది. రెండు దఫాలుగా మిరపకాయలు గలగలమని ఎండాయి. సులోచన ఆ డబ్బాను బాత్‌టబ్బులో కూర్చోబెట్టి, పీచుతో, నిమ్మతొక్కతో తోమి తోమి, కొన్ననాటికంటే తెల్లగా చేసింది. మర్నాడు దసరా. సోఫా ముందర పనిముట్లన్నీ వరసగా పేర్చారు. మొగుడి స్క్రూడ్రైవర్ల పెట్టె, తన స్టెతస్కోపు, శ్రీజ లాప్‌టాప్, కారు తాళాలు, చివరన ఆ డబ్బా. టెంకాయ కొట్టి, అన్నిటికీ కుంకుమ తడిపి బొట్లు పెట్టింది. సోమవారం డబ్బా స్టూడియోకు తిరిగిపోయింది.

మంగళవారం ల్యాంప్‌రూమ్ వాళ్ళ టేపు వచ్చింది.

ల్యాంప్‌రూమ్ అంటే నాటింగ్‌హామ్ దగ్గర బొగ్గుగని ఊరి నుంచి వచ్చిన నలుగురి బ్యాండు. నలభై అయిదేళ్ళుగా ఈ దేశంలో వాళ్ళ పాట వినని చెవి లేదు. పాడేవాడు డెరెక్. బొగ్గూ బెల్లమూ కలిపి నూరినట్టుండే గొంతు. మూడేళ్ళ కింద ఆ గొంతులో పుండు పుట్టింది. డాక్టర్లు మనిషిని బతికించి, మాటపెట్టెను తీసేశారు. ఇప్పుడాయన ఫోన్లో టైపు చేస్తే ఫోన్ మాట్లాడుతుంది. అది కూడా ఎవరో లండన్ దొరసాని గొంతుతో.

బ్యాండు చివరి ఆల్బమ్ ఒకటి చేసి ముగిద్దామనుకుంది. పాడేవాడికి గొంతు లేదు. అప్పుడు గిటారు వాయించే టెరీ చెల్లెలి గరాజ్‌లో రెండు టేపులు దొరికాయి. పందొమ్మిది వందల ఎనభై ఒకటిలో పాడి, ఎక్కడా వెయ్యకుండా వదిలేసిన పాటలు. తొందరపడి మొదటి టేపును ఎవరో వెచ్చబెట్టకుండానే మిషనెక్కించారు. నాలుగు నిమిషాల్లో డెరెక్ గొంతు నల్లటి పొడిగా రాలిపోయింది. మిగిలింది ఈ ఒక్క టేపు. అయిదు పాటలు.

ఇదీ పోతే? దానికీ ఏర్పాటుంది. ఆల్బమ్ ప్రొడ్యూసర్ అఖిలేష్ డెరెక్ పాత పాటలన్నీ కంప్యూటర్‌కు మేపి, ఆ గొంతుతో ఏ పాటైనా పాడించే మాయ తయారు చేసి పెట్టాడు. రికార్డు కంపెనీ శుక్రవారం దాకా గడువిచ్చింది. టేపు పలికితే టేపు, లేకపోతే కంప్యూటర్ గొంతు. డెరెక్ ఆ గొంతు ఒకసారి విన్నాడట. విని ఫోన్లో టైపు చేశాడట: "ఎవడో నా కోటు వేసుకుని, నా కుర్చీలో కూర్చుని, నా పెళ్ళాం ఇచ్చిన టీ తాగుతున్నట్టుంది."

హేజెల్ ఈ సంగతి చెప్పినప్పుడు రామాంజనేయులు నవ్వాడు గానీ, టేపు పెట్టెను రెండు చేతులతో అందుకున్నాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి టేపును డబ్బాలో పెట్టాడు. దగ్గరిచూపు కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాడు. అయినా నాలుగేళ్ళ అలవాటు. డయల్ పక్కన ఎర్రగా కనిపించిన చోటికి ముల్లు తిప్పి, మూత పెట్టి, ఇంకో మిషన్ పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి టేపును తిరగెయ్యాలి. మూత తియ్యబోతూ, ముల్లు సరిగా ఉందో లేదోనని వేలితో ఆ చుక్కను తడిమాడు.

వేలికి ఎర్రగా అంటింది.

గోళ్ళరంగు అంటదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుంకుమ.

ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసి చూశాడు. డబ్బా అంచంతా గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉంది. నాలుగేళ్ళ చుక్క జాడ లేదు. దాని వంశం కూడా లేదు. ఉన్నది పెళ్ళాం పెట్టిన బొట్టొక్కటే. అది నలభై మీద పెట్టిందో, డెబ్భై మీద పెట్టిందో ఆ అమ్మవారికే తెలియాలి. లోపలేమో డెరెక్ గొంతు నాలుగు గంటలుగా ఉడుకుతోంది.

సులోచనకు లంచ్ బ్రేక్ అదే టైము. మూడో రింగుకు ఎత్తింది.

"మే, సులోచనా! డబ్బా డయల్ పక్కన ఎర్రచుక్క ఉండె కదా, ఏం చేసినావు?"

"ఏ చుక్క?"

"శ్రీజ గోళ్ళరంగు! నాలుగేండ్ల కింద నేను పెట్టింది!"

"అదా? ఏందో గలీజు అంటుకునిందిలే అని రుద్దినా. పోనంటే పోనంటాది, బ్లేడుతో గీకితి. ఎందుకట్ల రొప్పుతాండావు?"

"నువ్వు కుంకుమ ఎక్కడ పెట్టినావు మే?"

"బొట్టు ఎక్కడ పెడతారబ్బా, మొగానికి పెడతారు. దానికి మొగమంటే అదే కదా, తిప్పేది. దాని పక్కన పెడితి."

"పక్కనంటే ఏ పక్క? చుక్క ఉన్న చోటేనా? పైనా, కిందా?"

"నేనేమన్నా స్కేలు పెట్టి కొలిచినానా? ఏమైందో చెప్పు ముందు."

"ఆ బొట్టు చూసి టేపు పెట్టేసినా. డెరెక్ ఉండాడే, గొంతు పోయినాయన, ఆయన టేపు. దేశంలో ఇంకొకటి లేదు. మాడ్చేసినానో ఏమో. సంసారం బజారున పడేట్టుంది సులోచనా."

సులోచన నర్సు గొంతుతో అంది. "ఏడ్చేది తర్వాత. ముందు జ్వరం ఎంతుందో చూడు."

ఇంగ్లండులో తెలుగంటే లోపలి గడియ వేసుకున్న గదిలాంటిది. నడిబజార్లో నిలబడి అల్లుణ్ణి తిట్టుకోవచ్చు, ఎవడికీ అర్థం కాదు. రామాంజనేయులు ఆ ధైర్యంతోనే స్టూడియో దద్దరిల్లేట్టు అరిచాడు. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే గుమ్మంలో అఖిలేష్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చెవికి పోగు, చేతిలో కాఫీ. లండన్ అంచున స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగిన పిల్లోడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు.

"అంకుల్," అన్నాడు అఖిలేష్ మెల్లగా. "విచ్ డాట్?"

రామాంజనేయులు నోరు తెరిచాడు. ఏ భాషలో మూయాలో తెలియలేదు.

"నీకు... తెలుగొస్తుందా నాయనా?"

అఖిలేష్ ఇంగ్లీషులోనే చెప్పాడు. మాట్లాడితే అందరూ నవ్వుతారు గానీ, మొత్తం అర్థమవుతుందట. వాళ్ళ నాయనమ్మ ఆండాళమ్మ తిట్ల పుణ్యం. "మా ఇంట్లో ప్రింటర్‌కు కూడా దసరాకు బొట్టు ఉంటుంది అంకుల్. స్కానర్ అద్దం మీద పెట్టింది ఒకసారి. ఆర్నెల్లు ప్రతి పేజీ మీదా చుక్కే." కానీ ఆ నవ్వు మొహంలో నిలవలేదు. "ఎంత వేడి మీద ఉంది ఇప్పుడు?"

"అదే తెలీదు. థర్మామీటర్ కావాల. వంటకు వాడేదైనా చాలు, పుల్లలా ఉండేది."

వీధి చివర ఫిష్ అండ్ చిప్స్ షాపుంది. అఖిలేష్ కాఫీ అక్కడే పెట్టి పరుగెత్తాడు. అతను తిరిగొచ్చేదాకా రామాంజనేయులు ఆ డబ్బా పక్కన, ఐసీయూ బయట కూర్చున్న బంధువులా కూర్చున్నాడు. స్విచ్ ఆపితే లోపలి వేడి ఎంతో తెలియకుండా పోతుంది. ఆపకపోతే, ఎక్కువ ఉన్నట్టయితే, ఇంకా మాడుతుంది. పండ్లడబ్బా ఫ్యాన్ గుయ్యిమంటోంది. కొద్దిగా మజ్జిగ మిరపకాయ వాసన కూడా వస్తోంది. హేజెల్ వాసన లేకుండా తెమ్మంది కదా, ఆ పాపం కూడా ఈ లెక్కలోనే.

హేజెల్ తనను ఉద్యోగంలోంచి పీకేసినా ఆయన బాధపడేవాడు కాదు. పార్సిళ్ళు మోసిన భుజాలే. కానీ ఆ డెరెక్ నిన్న తనే టేపు తెచ్చిచ్చాడు. కొరియర్‌ను నమ్మలేదు. పెట్టె అప్పజెప్పి, ఖాళీ చేతులను ఏం చేసుకోవాలో తెలియక మెడకు కట్టుకున్న గుడ్డను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యే కళ్ళ ముందర ఆడుతోంది.

అఖిలేష్ చేపలు వేయించేవాళ్ళు గుచ్చి చూసుకునే థర్మామీటర్‌తో వచ్చాడు. రామాంజనేయులు దాన్ని స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, మూత మీది గాలి రంధ్రంలోంచి దించాడు. అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. ముప్పై. ముప్పై ఎనిమిది. నలభై రెండు. నలభై నాలుగు. నలభై అయిదు. నలభై ఆరు.

నలభై ఆరు.

ఇంకో నిమిషం చూశారు. రెండు నిమిషాలు చూశారు. అంకె అక్కడే కాళ్ళు చాపుకుని పడుకుంది.

"దట్స్ లో," అన్నాడు అఖిలేష్. "లో అంటే మంచిదే కదా? అంకుల్, మంచిదే కదా?"

రామాంజనేయులు అలాగే నేల మీద చతికిలబడ్డాడు. "మంచిదే నాయనా. కాలలేదు. ఊరికే కాపడం పెట్టినట్టయింది. మళ్ళీ సరైన వేడి మీద పెట్టుకుంటే సరిపోతుంది." అని, చెయ్యెత్తి అక్కడే దండం పెట్టాడు, డబ్బాకో, బొట్టుకో, చేపల కొట్టుకో. "సులోచన చెయ్యి చల్లనిది. వేలు ఇంకో అంగుళం అటు జరిగుంటే డెబ్భై."

అఖిలేష్ కూడా పక్కనే కూలబడ్డాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. రామాంజనేయులుకూ అంటుకుంది. హేజెల్ లోపలికొచ్చేసరికి ఇద్దరు మగాళ్ళు నేల మీద కూర్చుని, చేపల థర్మామీటర్ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వుతున్నారు.

ఆవిడకు అంతా చెప్పాడు. దాచలేదు. హేజెల్ విని, డబ్బా మీద వంగి ఒకసారి వాసన చూసి, "పాట కారంగా ఉంటుందేమో మరి" అంది. అంతే. కానీ ఆ సాయంత్రం తనే వెళ్ళి రెండు మంచి థర్మామీటర్లు కొనుక్కొచ్చింది.

ఈసారి థర్మామీటర్ చూస్తూ, నిండా ఎనిమిది గంటలు వెచ్చబెట్టారు. రాత్రంతా చల్లారనిచ్చారు. గురువారం మధ్యాహ్నం డెరెక్ వచ్చాడు.

మిషనెక్కించే ముందే రామాంజనేయులు ఆయనకూ చెప్పాడు. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. కానీ మనిషి గొంతు చేతుల్లో పెట్టుకుని ఆ మనిషితో అబద్ధమాడటం ఆయనకు చేతకాలేదు. దసరా నుంచి చేపల కొట్టు దాకా మొత్తం చెప్పి, "తప్పు నాదే సార్, మా ఆవిడది కాదు" అన్నాడు.

డెరెక్ ఫోన్లో టకటకా కొట్టాడు. లండన్ దొరసాని మర్యాదగా పలికింది: "గనిలోకి దిగే ముందు మా నాన్న దీపాన్ని మూడుసార్లు తట్టేవాడు. దానికంటే మీ ఆవిడ బొట్టే నయం, డక్. ఆయన ఒకసారి తట్టి అద్దం పగలగొట్టాడు."

డక్ అంటే ఆ పక్కవాళ్ళు ప్రేమగా పిలిచే పిలుపు, మన అబ్బీ అన్నట్టు. దొరసాని నోట ఆ మాట వినేసరికి హేజెల్ కాఫీ ముక్కులోకి పోయింది. డెరెక్ భుజాలు ఊగాయి. ఆయన నవ్వుకు శబ్దం లేదు.

రామాంజనేయులు టేపు ఎక్కించాడు. తెల్లటి గుడ్డ ముక్క చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. చక్రాలు కదిలాయి. మొదట సుయ్యిమని శబ్దం, ఎవరో దగ్గిన శబ్దం, కుర్చీ జరిగిన శబ్దం. ఆ వెంటనే గొంతు లేచింది.

ఇరవై ఏడేళ్ళ కుర్రవాడి గొంతు. గదిలోకి బూట్లతో నడిచొచ్చినట్టు వచ్చింది.

డెరెక్ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగింది. రామాంజనేయులు అటు చూడకుండా మిషన్‌నే చూశాడు. పాట అయిపోయాక ఆపి, టేపు రాసుకుంటూ పోయే హెడ్డు మీద గుడ్డ పెట్టి తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది. దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు, ప్రసవమయ్యాక మంత్రసాని బిడ్డను చూపించినట్టు. హేజెల్ చప్పట్లు కొట్టింది. అయిదు పాటలూ అట్లాగే వచ్చాయి, ఒక్క రేణువు రాలకుండా.

టేపు మీది గొంతుకు వాయిద్యాలు కొత్తగా కలపాలి గనక, సంతోషం సద్దుమణిగాక అఖిలేష్ కీబోర్డు ముందర కూర్చున్నాడు. కొద్దిసేపటికి తల గోక్కున్నాడు. డెరెక్ గొంతు కీబోర్డులో ఏ మెట్టు మీదా నిలవడం లేదు. రెండు మెట్లకూ నడుమ నిలబడి ఉంది. ఆనాడు ఈ పాటలు పాడిన పల్లె చర్చిలో పియానో కాస్త దిగిపోయి ఉండేదనీ, అందరూ దానికే శ్రుతి చేసుకున్నామనీ డెరెక్ టైపు చేశాడు. పర్లేదు, కంప్యూటర్లో ఒక్క క్షణం పని అన్నాడు అఖిలేష్. గొంతును పైమెట్టుకు లాగి, ఊగిసలాటలు సరిచేసి వినిపించాడు.

అంతా సరిగ్గా ఉంది. గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టుంది. హేజెల్ కిటికీలోంచి బయటికి చూసింది. డెరెక్ ఫోన్‌ను బోర్లించి బల్ల మీద పెట్టాడు.

రామాంజనేయులు గుడ్డను మడిచి జేబులో పెట్టుకుంటూ తెలుగులోనే గొణిగాడు. "మా రేడియోలో పల్లెటూళ్ళ నుంచి పాటగాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళ శ్రుతి వాళ్ళదే. తంబూరానే బిరడా తిప్పి వాళ్ళ దగ్గరికి దించేవాళ్ళం గానీ, పాడేవాని గొంతుకు బిరడా ఎవరు తిప్పుతారు?"

అఖిలేష్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. కుర్చీలో వెనక్కి తిరిగి, ఆ మాటను ఇంగ్లీషులో డెరెక్‌కు చెప్పాడు. డెరెక్ ఈసారి నిదానంగా, ఒక్కో అక్షరమే కొట్టాడు.

"నలభై అయిదేళ్ళు టెరీ గిటారుకు నేను శ్రుతి కలిపాను," అంది దొరసాని. "ఈ ఒక్కసారి టెరీని దిగిరమ్మను."

అఖిలేష్ సరిచేసిన గొంతును తుడిచేశాడు. దాని పక్కనే ఉన్న కంప్యూటర్ గొంతును కూడా, ఎవరూ అడక్కుండానే, చెత్తబుట్టలోకి లాగాడు. ల్యాంప్‌రూమ్ చివరి ఆల్బమ్ అట్లా, ఏ కీబోర్డుకూ అందని ఆ నడిమెట్టు మీదనే తయారైంది. గిటార్లు, బేస్, కొత్తగా కలిపిన వాయిద్యాలు, అన్నీ ఆ గొంతు దగ్గరికే దిగాయి. తర్వాత విన్నవాళ్ళు ఇదేదో కొత్త ఎత్తుగడ అని రాశారు. టెరీ మాత్రం తన తీగలన్నీ బజ్జుమంటున్నాయని నెల రోజులు సణిగాడట.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ గురువారం డెరెక్ వెళ్తూ వెళ్తూ డబ్బా దగ్గర ఆగాడు. కుంకుమ ఇంకా అక్కడ మసకగా ఉంది. దాన్ని వేలితో మూడుసార్లు తట్టి, రామాంజనేయులు భుజం నొక్కి వెళ్ళిపోయాడు.

రామాంజనేయులు కార్ పార్క్‌లోకి వచ్చి సులోచనకు ఫోన్ చేశాడు.

"పలికింది మే. అయిదు పాటలూ."

"హమ్మయ్య!" అంది సులోచన. ఫోన్లోనే ఆమె కుర్చీలో కూలబడిన చప్పుడు వినిపించింది. "నిన్నటి నుంచి ఒక్క మెతుకు దిగలా నాకు. పేషెంటుకు బీపీ చూస్తా నాకే వచ్చె."

"నాకేమీ చెప్పకపోతివే?"

"చెప్తే నువ్వు ఇంకా ఏడుస్తావని." ఆ వెంటనే గొంతు మార్చింది. "ఇంగ ఆ డబ్బా నాకియ్యదేమో హేజెల్?"

"ఇయ్యదు. కొత్తది కొనిస్తానంది, నీకు వేరుగా. దాని మీద నీ ఇష్టమొచ్చిన చోట బొట్టు పెట్టుకోమనింది."

"బంగారు తల్లి," అంది సులోచన. "అయితే ఈసారి వచ్చేటప్పుడు కిలో మిరక్కాయలు పట్టుకురా. ఆ స్టాన్‌మోర్ పిల్లోణ్ణి కూడా ఆదివారం అన్నానికి పిల్చుకురా. మన మాట అర్థమయ్యేటోడు ఇంట్లో ఇంకొకడుంటే, శ్రీజ నోరైనా అదుపులో ఉంటాది."

చినుకులు మొదలయ్యాయి. రామాంజనేయులు తలమీద చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా, పచ్చిమిరపకాయలు దొరికే షాపు వైపు నడిచాడు.